చిటారు కొమ్మ కాయలు

ఉసిరికాయ బస్తా మూతి విప్పగానే వగరు వాసన గుప్పుమంటుంది. ఆ వాసనతోపాటే పైడమ్మత్త కూడా ఇంట్లోకి వచ్చేసినట్టుంటుంది నాకు. అత్త మా చుట్టం కాదు, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటావిడ. మామయ్యకు షెడ్‌లో డ్యూటీ, అత్తకు పచ్చళ్ళు. నాకు చదువు అబ్బలేదు గాని, ఆవిడ దగ్గర పని అబ్బింది.

అత్త బజారు కాయ కొనేది కాదు. రతన్‌పూర్ అవతల అడవి అంచు ఊరి నుంచి ఫూల్‌బాయి మందులెరగని కాయ తెచ్చేది. అత్త దాన్ని గచ్చు మీద పోయించి, పెద్దవి ఏరుకుని, చిన్నవి వెనక్కి పంపేది.

ఒక కార్తీకంలో క్వార్టర్లలోనే ఒక తెలుగింటి పెళ్ళివారికి పచ్చడి ఒప్పుకున్నాం. అంత పెద్ద పని మాకదే మొదలు. ఆ వారం వచ్చిన బస్తాలో కాయలతోపాటు విరిగిన రెమ్మలున్నాయి.

“కొమ్మలు నరికీసినారేటే? వచ్చే ఏడు ఏటి కాస్తాది, నీ తలకాయా?” కోపమొస్తే అత్తకు ఎవరితోనైనా తెలుగే.

ఫూల్‌బాయికి అంతా అర్థమయ్యేది. “నీకు పెద్దవే కావాలి కదా దీదీ. అవి చిటారు కొమ్మకుంటాయి. మనిషి ఎక్కలేనిచోట కొమ్మనే దించాలి” అంది తన భాషలో, తడుముకోకుండా.

మర్నాడే నన్ను తీసుకుని ఫూల్‌బాయి ఊరికి బస్సెక్కింది అత్త. చెట్ల తలలు మొండిగా ఉన్నాయి. చేతికందే కొమ్మలకు మాత్రం చిన్న కాయలు ఎవరికీ అక్కరలేక ఎండుతున్నాయి. అత్త చాలాసేపు పైకే చూసింది.

“అచ్ఛా. నరికింది వీళ్ళు కాదే, నేను.”

ఆ బస్తాలో చిన్నవి కూడా వెనక్కి పంపలేదు. “ఇకనుంచి అందినవి చేత్తో కోయండి, మిగతావి దుప్పటి పట్టి దులపండి. చిన్నా పెద్దా అన్నీ నావే. కొమ్మ మీద కత్తి పడితే మాత్రం నేను కొనను” అని ఫూల్‌బాయికి చెప్పింది. పెళ్ళివారు కాదంటారేమోనని నా భయం.

పెళ్ళికూతురి తల్లి జాడీ చూసి మూతి తిప్పింది. “ఏటి పైడమ్మా, గోళీలు కలిపీసినావు? బజార్లో తెచ్చుకుంటాంలే.”

“తెచ్చుకో అప్పా. ముందు ఒకటి నోట్లో ఏసుకో.”

ఆవిడ ఒకటి తిని, గింజ ఊసి, ఇంకొకటి తీసుకుంది. పెళ్ళికి మా జాడీలే వెళ్ళాయి.

అత్త పోయాక ఆ పని నాకొచ్చింది. ఏటా కాయ కోతకు ముందే వెళ్ళి చెట్లు చూస్తాను. నేనడిగే సరుకు వల్ల వాళ్ళకేమైనా ఇబ్బందా అని అడుగుతాను. మొన్న ఒక పెద్ద దుకాణం వాళ్ళొచ్చి, అన్నీ ఒకే సైజులో కావాలన్నారు.

“చెట్టు అలా కాయదు బాబూ” అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఉప్పు కలపడం మొదలుపెట్టాను.