తేనె సీసాలో ఇసుక

ఆ ఇసుకను అతను మార్చలేదని నాకు మూడో రోజుకే తెలిసింది. మా మేనేజర్‌ను ముదీర్ అంటాం; ఆయన గది నా బల్లకు ఇరవై అడుగుల దూరం. వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే అతని ఉద్యోగం నిలబడేది. వెళ్ళలేదు. ఆ తర్వాత మూడేళ్ళ పాటు ఎవరికీ చెప్పలేదు. మా వర్క్‌షాప్‌లో ఈ కథను చాలా రకాలుగా చెప్పుకుంటారు. అన్నిట్లోనూ దొంగ అతనే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో మేము చేసేది ఇంకా కట్టని భవనాలకు నమూనాలు. నలభై అంతస్తుల టవర్‌ని బల్ల మీద నిలబెట్టి, కిటికీల వెనక లైట్లు పెట్టి, ఈతకొలనులో నీలం రెసిన్ పోసి అమ్మకాల ఆఫీసులకు పంపుతాం. జగిత్యాల పక్క నుంచి వచ్చి అక్రిలిక్ షీట్లు కోయడంతో మొదలుపెట్టిన నేను, పదిహేనేళ్ళకు అసెంబ్లీ సెక్షన్‌కు పెద్దనయ్యాను. 2020లో కరోనా వచ్చి ఆర్డర్లు ఆగిపోయాయి. సగం మంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలిన వాళ్ళం మాస్కుల పైనుంచి ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకుంటూ, తర్వాత ఎవరి వంతు అని ఆలోచించేవాళ్ళం.

మరుసటి ఏడాది వచ్చిన మొదటి మంచి ఆర్డరు భవనం కాదు, యుద్ధ ట్యాంకు. సైన్యంలో పనిచేసి రిటైరైన ఒక స్థానిక పెద్దాయన, తాను వయసులో ఉన్నప్పుడు నడిపిన ట్యాంకును తన మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే గదిలో, పెట్టుకోవాలనుకున్నాడు. ఇసుక దిబ్బ మీద ఆగిన ట్యాంకు, పైమూత తెరిచి కూర్చుని గ్లాసులో చాయ్ తాగుతున్న సైనికుడు. ఆ సైనికుడు ఆయనే. కొలత అసలు దానిలో పదహారో వంతు, అంటే మూర కన్నా కొంచెం పొడవు. పాత ఫోటోలు నాలుగు ఇచ్చాడు. వాటితో పాటు ఒక తేనె సీసా. లేబుల్ ఇంకా చిరగలేదు. లోపల తేనె లేదు, ఎర్రటి ఇసుక ఉంది. తమ ట్యాంకులు నిలబడిన చోటికి మళ్ళీ వెళ్ళి తెచ్చానని, నమూనాలో ఈ ఇసుకే వాడాలని చెప్పాడు. ముదీర్ ఆ సీసాను రెండు చేతులతో అందుకుని, రెండు చేతులతోనే నాకు ఇచ్చాడు. "నీ జిమ్మేదారి," అన్నాడు.

ట్యాంకు ఒళ్ళంతా నేను కట్టాను. పట్టాల లింకులు ఒక్కొక్కటీ ప్రింట్ చేసి సన్నటి పిన్నులతో కలిపాను. పట్టుకొని ఎక్కే కమ్ములకు ఇత్తడి తీగ వంచాను. లాగుడు తాడు కోసం రాగి పోగులు మెలిపెట్టాను. వెల్డింగ్ అతుకుల దగ్గర పుట్టీని దారంలా పరిచి బ్లేడు మొనతో గీతలు నొక్కాను. ఇదంతా నాకు వచ్చిన పనే. రంగు మాత్రం నాది కాదు. దానికోసమే రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక సాయిబును ముదీర్ మా సెక్షన్‌లోకి తెచ్చాడు. కార్లకు రంగు వేసి చెయ్యి తిరిగినవాడు, దాదాపు నా వయసే. నన్ను అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి.

మొదటి పూత ఆరిన రోజు పెద్దాయన వచ్చి చూశాడు. నేను మూడు వారాలు వంచిన తీగల్ని చూడలేదు. వంగి ఆ రంగునే చూసి, "ఎవరి చెయ్యి ఇది?" అని అడిగాడు. అతని మీద నా అనుమానం మొదలైంది ఆ రోజే. అసలు అది అసూయ. అప్పట్లో నేను దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

పెద్దాయన వెళ్ళాక రాయచోటి భాయ్ ట్యాంకు చుట్టూ తిరిగాడు.

"అన్నా, పెండ్లికి తీసిన కారు మాదిరి ఉండాది ఇది. ఎడార్లో తిరిగిన బండికి దుమ్ము యాడుండాది?"

"నువ్వు రంగు సంగతి చూడు భాయ్. దుమ్ము సంగతి నేన్ జూస్త."

"సరేలేన్నా, పెద్దోనివి," అని నవ్వాడు. మాస్కు వెనక ఆ నవ్వు ఎలాంటిదో నాకు కనపడలేదు. ఎగతాళి అనుకున్నాను.

అప్పటి నుంచి అతన్ని గమనించడం మొదలుపెట్టాను. అందరం ఒకచోట కూర్చుని తింటుంటే అతను కంప్రెసర్ వెనక్కి వెళ్ళేవాడు. ఏదో తెల్లగుడ్డ మడిచి జేబులో పెట్టుకునేవాడు. మాత్రల డబ్బాల్లాంటి చిన్న గుండ్రటి డబ్బాలు టిఫిన్ సంచిలోంచి తీసి, నేను చూస్తే మూత పెట్టేవాడు. ఒకసారి నా బల్ల పై అరలో ఉన్న తేనె సీసా మూత వదులుగా కనిపించింది. ఆ సాయంత్రం సీసాలో ఇసుక ఎంత ఎత్తుకు ఉందో అక్కడ లేబుల్ మీద పెన్నుతో సన్నటి గీత గీశాను. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఇసుక గీతకు వేలెడు కిందికి దిగింది. 

అంతటితో ఆగలేదు. అరచేతిలో కొంచెం పోసుకుని చూశాను. పెద్దాయన తెచ్చిన రోజు పిండిలా జారిన ఇసుక ఇప్పుడు గరగరలాడుతోంది. గింజలు పెద్దవి. రంగు కూడా కొంత వెలిసినట్టుంది. నాకు అంతా అర్థమైపోయిందనిపించింది. ఒలకబోసుకున్నాడు, లేదా ఎవరికో ఇచ్చాడు, తగ్గినచోట ఏ సైటులోదో ముతక ఇసుక కలిపాడు. రేపు పెద్దాయన కనిపెడితే పోయేది నా పరువు. బహుశా అతనికి కావలసింది కూడా అదే. నేను పోతే ఆ బల్ల అతనిది.

అతన్ని అడగలేదు. నేరుగా ముదీర్ దగ్గరకు వెళ్ళాను.

ముదీర్ అతన్ని పిలిపించి సీసా ముందు పెట్టాడు. అతను ఏ తడబాటూ లేకుండా హిందీలో చెప్పాడు. ఇసుకను మార్చలేదు, జల్లించాడు. మెత్తటిది తీసి డబ్బాల్లో పెట్టాడు, ట్యాంకు మీద దుమ్ముగా పట్టించడానికి. ముతకది సీసాలోనే ఉంచాడు. "రండి సార్, చూపిస్తా," అన్నాడు.

ముదీర్ నా వైపు తిరిగాడు. "ఇలా చేసే పద్ధతి ఉందా?"

నా మాటకు విలువ ఉందని నాకు తెలుసు. "నాకు తెలిసి లేదు సార్. దుమ్ముకు మనం పొడిరంగు వాడతాం. ఇప్పుడు ఇతను ఏదో డబ్బా తెచ్చి చూపిస్తాడు. అది ఏ ఇసుకో ఎవరికి తెలుసు?"

అతను హిందీ వదిలేసి నా వైపు తిరిగాడు. "ఏందన్నా అట్లంటావు? నీ బల్ల పక్కనే గదా చేసింది. ఒక్కసారి వచ్చి చూడరాదా?"

"చూసేదేం లేదు భాయ్. సీసా నా జిమ్మల ఉంది. నన్ను అడగకుండ ఎట్ల ముట్టినవ్?"

"అడిగితే దుమ్ము సంగతి నేన్ జూస్తా అంటివే."

ముదీర్ చేతిలో ఫోన్ మోగుతోంది. పెద్దాయన ఇంటి నుంచి. "ఖలాస్," అన్నాడు. అతన్ని ట్యాంకు మీది నుంచి తీసేసి ప్యాకింగ్‌లో వేశాడు. అతని కాంట్రాక్టు ఆ నెలాఖరుకు పూర్తవుతుంది. రెన్యూ చేయాలా వద్దా అన్నది అప్పటికి ముదీర్ బల్ల మీదే ఉంది.

ప్యాకింగ్‌లో వాళ్ళు అదే రోజు పేరు పెట్టేశారు. రేతీ చోర్. ఇసుక దొంగ. "ఎడారిల ఇసుక దొంగతనం చేసినోడు వీడొక్కడే!" అని హైదరాబాద్ డ్రైవర్ అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడో రోజు ట్యాంకుకు దుమ్ము పట్టించడానికి కూర్చున్నాను. పొడిరంగు చల్లితే పసుపు పూసినట్టు ఉంది. తుడిచాను. మళ్ళీ చల్లాను, మళ్ళీ తుడిచాను. బ్రష్ కోసం అతని సొరుగు లాగాను. తెల్లగుడ్డ, దాని కింద వరసగా గుండ్రటి డబ్బాలు. మూతల మీద చిన్న కాగితాలు అంటించి తెలుగులో రాసుకున్నాడు: 'పట్టాలకు', 'పక్కలకు', 'మూత చుట్టూ, చెయ్యి ఆనే కాడ వద్దు'. తెరిస్తే లోపల ఎర్రటి దుమ్ము, వేలికి తగిలీ తగలనట్టు.

తేనె సీసా దింపాను. డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా అందులో వంచి, మూత పెట్టి మెల్లగా ఊపాను. ఇసుక నేను గీసిన గీత దగ్గరకు వచ్చి ఆగింది. అరచేతిలో పోసుకుంటే మొదటి రోజులాగే జారిపోయింది. రంగు కూడా అదే.

బతుకంతా స్కేలు మీద బతికినవాణ్ణి. మనిషి ఎత్తు, మెట్టు ఎత్తు, చెట్టు కొమ్మ, అన్నీ తగ్గించి చూడటమే నా పని. ఇసుకను మాత్రం ఇసుకగానే చూశాను. మిల్లీమీటరు గింజ పదహారో వంతు ట్యాంకు మీద పడితే అది గింజ కాదు, వేలి మందం రాయి. మెత్తటిది వేరు చేయకపోతే అది దుమ్ము కానే కాదు. కార్లకు రంగు వేసేవాడికి తట్టింది నాకు తట్టలేదు.

ముదీర్ గది తలుపు తెరిచే ఉంది. నెలాఖరుకు ఇంకా రెండు వారాలు పైనే. లేచాను కూడా. అప్పుడు ఆలోచన వచ్చింది: ఇది చెబితే అతను తిరిగి ఈ బల్ల దగ్గరకు వస్తాడు, పద్ధతి తెలియనిది నాకని తేలుతుంది, తర్వాత తీసేయాల్సిన పేరు నాదవుతుంది. కూర్చున్నాను. అతని గుడ్డతోనే, అతను చేసినట్టే, ఇసుకంతా మళ్ళీ జల్లించాను. అతను రాసుకున్న కాగితాల ప్రకారమే పట్టాలకు ముదురుగా, పక్కలకు పలచగా, మూత చుట్టూ చెయ్యి ఆనే చోటు వదిలేసి పట్టించాను. ముతకది కింద దిబ్బకు వాడాను. కాగితాలు చించి చెత్తబుట్టలో వేశాను.

పెద్దాయన వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. పట్టా మీద వేలితో తాకి, ఆ వేలిని చూసుకున్నాడు. "మూత దగ్గర చేతులు ఆని ఇలాగే అరిగేది," అన్నాడు. ఎవరికి తట్టింది ఇది అని అడిగాడు. ముదీర్ నా భుజం తట్టాడు. నేను తల వంచుకున్నాను. దాన్ని వాళ్ళు వినయం అనుకున్నారు.

నెలాఖరున రాయచోటి భాయ్ కాంట్రాక్టు రెన్యూ కాలేదు. వెళ్ళే రోజు అందరితో చెయ్యి కలిపి, నా బల్ల దగ్గర ఆగకుండా వెళ్ళిపోయాడు. 

మూడేళ్ళ తర్వాత ఒక ఉదయం అదే హైదరాబాద్ డ్రైవర్ నవ్వుకుంటూ చెప్పాడు. "సార్, మన రేతీ చోర్ అజ్మాన్‌ల గ్యారేజీల ఉన్నడు. ఆ పేరు ఆడ గూడ ఎర్కయింది. రోజూ పోయేటప్పుడు టిఫిన్ డబ్బా తెరిచి చూపియ్యమంటరంట, హౌలే గాళ్ళు!"

ఆ మాటకు నేను నవ్వలేకపోయాను. ఆ శుక్రవారం నేనుండే ఇంటర్నేషనల్ సిటీ నుంచి షేర్ కారులో అజ్మాన్ వెళ్ళాను. అతను ఒక కారు తలుపుకు రంగు కొడుతున్నాడు. నన్ను చూసి స్ప్రే గన్ ఆపాడు.

"ఎవురూ... అన్ననా? దావ తప్పినావా?"

నిలబడే చెప్పాను. సొరుగు, డబ్బాలు, సీసా మీద గీత, చించిన కాగితాలు, అన్నీ. అతను గన్‌ను థిన్నర్‌తో కడుగుతూ విన్నాడు.

"మూడో రోజా?"

"మూడో రోజే భాయ్."

"అప్పుటికింకా చానా దినాలుండె నాకు." కడగడం ఆపలేదు. "ఇప్పుడు నాకెందుకు చెప్తాండావన్నా? నేను మార్చలేదని నాకు తెలీదా? తెలీనోళ్ళు ఆడుండారు. వాళ్ళకు చెప్పు."

"చెప్త."

"చెప్తావని నమ్మేదెట్ల? మాపటికి నీ మనసు తిరుగుతాది." గన్ పక్కన పెట్టి మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. "చాయ్ టైముకు నాకు ఫోన్ కొట్టు. స్పీకర్ పెట్టు. నేను వింటా."

అప్పట్లో అతన్ని నమ్మకపోవడానికి నాకున్న కారణం కన్నా, ఇప్పుడు నన్ను నమ్మకపోవడానికి అతనికి మంచి కారణమే ఉంది.

సోమవారం పది గంటల చాయ్‌కి అందరూ చేరారు. ముదీర్‌ని కూడా రమ్మన్నాను. ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాను. అవతల నుంచి కంప్రెసర్ చప్పుడు, తర్వాత "ఆఁ, చెప్పన్నా" అన్న గొంతు వినపడ్డాయి. వర్క్‌షాప్‌లో సగం మందికి తెలుగు రాదు కాబట్టి మొదట హిందీలో జరిగిందంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. డ్రైవర్ తన కప్పులోకి చూస్తున్నాడు. తర్వాత ఫోన్ వైపు వంగి మా భాషలో అన్నాను:

"భాయ్, ఇసుక నువ్వు మార్చలే. నువ్వు నిజం చెప్పినవ్, నేను దాన్ని అబద్ధం చేసిన. ఆ దుమ్ము పని నీది. మెప్పు నేను తీసుకున్న. మూడో రోజే తెలిసి నోరు మూసుకున్న, నీ పొట్ట మీద కొట్టిన. మాఫ్ చెయ్యమని అడుగుత లేను, అడిగే మొఖం నాకు లేదు. ఇక్కడ అందరి ముందు చెప్తున్న. తప్పు నాది. తప్పయింది భాయ్."