సగం కాలిన ఎండ్రకాయలు

మొన్న భేస్తాన్‌లో రోడ్డు పక్కన ఎవరో బొగ్గుల మీద ఎండ్రకాయలు కాలుస్తుంటే, ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, స్వరూపక్కకు పన్నెండు. బతుకుదెరువుకు మమ్మల్ని తీసుకుని వలస వచ్చిన బాపు, పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లుకు పోయేవాడు. బమ్రోలిలో వరుస గదుల్లో ఒకటి మాది. వానాకాలమంతా తడిగోడల వాసన, మిల్లునీళ్ల ఘాటు, అమ్మ కాల్చే మక్కకంకుల కమ్మదనం కలిసిపోయి ఉండేవి. పక్కగది కమలాబెన్ డాంగ్ కొండల్లోని తన ఊరికి పోయినప్పుడల్లా వాగు ఎండ్రకాయలు బుట్టెడు తెచ్చేది. ఒకరోజు అందులో రెండు దొంగిలించి, కుంపటి మీద పెట్టి, ఎవరొస్తారోనన్న తొందరలో సగం కాలగానే తినేశాం. ఎవరికీ చెప్పనని అక్క నాతో ఒట్టు పెట్టించుకుంది.

చలికాలానికి అక్కకు దగ్గు పట్టుకుంది.

"బయట ఏమన్న తిన్నరా?" అని అమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది.

"ఏం తినలే," అన్నాను నేనే.

తర్వాత డొక్కలో పోటు, ఆయాసం. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. వీపులో సూది గుచ్చి నీరు తీసి, టీబీ అని నెలల తరబడి మందులిచ్చారు. నీరు మళ్లీ చేరింది. కళ్లె తుప్పురంగులో పడేది. నాలోనూ నీరు ఊరుతోందేమోనని నేను ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని.

రెండోసారి నీరు తీసినరోజు కొత్త డాక్టరమ్మ హిందీలో అడిగింది, పీతలు సరిగా ఉడకకుండా తిన్నావా అని. అక్క తల అడ్డంగా ఊపింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"తిన్నం! పచ్చిపచ్చిగనే తిన్నం. నేను గూడ తిన్న. అక్క సచ్చిపోతదా?"

అమ్మ చెయ్యెత్తింది గానీ కొట్టలేదు, నన్ను గట్టిగా పట్టుకుంది. కళ్లె పరీక్షలో పురుగు గుడ్లు కనిపించాయి. పచ్చి ఎండ్రకాయల్లోంచి వచ్చిన ఆ పురుగే పేగు దాటి ఊపిరితిత్తుల్లోకి చేరి నీరు పట్టించిందట. నన్నూ పరీక్షించారు, నాకేమీ లేదు. అక్కకు కొద్దిరోజుల మాత్రలతోనే ఆయాసం తగ్గుతూ వచ్చింది, ఎండాకాలానికల్లా ఒక్క దమ్ములో మెట్లెక్కింది.

ఇప్పుడు ఆ గదులు లేవు, చీరల గోదాము కట్టారు. కమలాబెన్ ఊరికి వెళ్లిపోయింది, అమ్మ పోయింది. నా చెల్లే నన్ను బతికించిందని అక్క తన పిల్లలకు చెబుతూ ఉంటుంది. దగ్గు మొదలైనప్పుడే అమ్మ నన్ను అడిగిందని, నేను తినలేదన్నానని అక్కకు తెలియదు. నేనింకా చెప్పలేదు.