అమ్మ మామిడిచెట్టు, తాతయ్య కొన్న రంపం

కోలారు చలి నా చిన్నప్పుడు ఇప్పటిలా ఉండేది కాదు, ఎముకలు కొరికేది. ఆ ఏడు దానికి ముసురు కూడా తోడైంది. సరిగ్గా అప్పుడే మా అమ్మకు కాన్పయి తమ్ముడు పుట్టాడు. బాలింత గదిలో కుంపటి ఆరకూడదు కదా, పేర్చిపెట్టిన కట్టెలేమో తడిసి ముద్దయ్యాయి. పొగే తప్ప నిప్పు లేదు.

ఎండుకట్టె అంటూ ఉన్నది దొడ్లో ఒక్కటే, నిలువునా ఎండిపోయిన మామిడిచెట్టు. పైన తడిసినా లోపల మొద్దు పొడిగానే ఉంటుంది. అది అమ్మ పెళ్లప్పుడు పుట్టింటి నుంచి తెచ్చి నాటుకున్నది. ఎండిపోయాక కూడా చిగురిస్తుందని నీళ్లు పోస్తూనే ఉండేది, పిచ్చితల్లి.

మా తాతయ్య రంపం కొనడానికి నన్ను వెంటబెట్టుకుని రాబర్ట్‌సన్‌పేట వెళ్లాడు. అంగడాయన ఇద్దరు లాగే పెద్ద రంపం చూపించి, "మొద్దు కొయ్యాలంటే ఇదే కావాలప్పా" అన్నాడు. తాతయ్య దాన్ని చాలాసేపు పట్టుకుని చూసి, పక్కన పెట్టేసి, చేతిరంపం తీసుకున్నాడు. "కొమ్మలు చాలు. ఆ చెట్టంటే మా కోడలికి ప్రాణం" అన్నాడు. కోడలంటే ఆయనకూ అంతే.

కొమ్మల నిప్పు ఎంతసేపు నిలుస్తుంది? తెల్లారేసరికి కుంపట్లో బూడిదే. అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. ఏ మందుకూ తగ్గలేదు. పసిగుడ్డును మాకు వదిలేసి వెళ్లిపోయింది.

మావైపు చితికి మామిడికట్టె పెడతారు. ఊరివాళ్లు పెద్ద రంపం తెచ్చి ఆ చెట్టునే కోశారు. అయ్యో, లోపల ఎంత పొడిగా ఉందో! తాతయ్య ఆ మొద్దు మీద చెయ్యి వేసి కూలబడ్డాడు. "ఇంత మంచి కట్టె ఇంట్లో పెట్టుకొని, పిల్లను చలిలో పండబెట్టినానే" అని ఏడ్చాడు. కట్టె ఉన్నా జ్వరం ఆగేది కాదని అందరూ చెప్పారు. ఆయన వినలేదు. నన్ను దగ్గరకు లాక్కుని, "చెట్టు ఎవురిదైనా కానీ తల్లీ, మనిషే ముందు. మరవొద్దు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకోండి. ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది.

ఈ చలికాలం మా మనవరాలు బాలింత. మా ఆయన నాటిన పనసచెట్టు పోయిన వేసవిలో ఎండిపోయింది. ఆయన పోయాక నేను కాఫీ తాగేది దాని కిందే. పెట్రోలు రంపం కొనడానికి నా కొడుకుతో మళ్లీ అదే పేటకు వెళ్లాను. వాడు నా మొహం చూసి, "చిన్నది చాల్లేమ్మా, కొమ్మలు కోసుకుందాం" అన్నాడు.

"పెద్దదే తీసుకోరా. మొద్దు దాకా కొయ్యాల" అన్నాను.

ఇప్పుడు గది వెచ్చగా ఉంది. కుంపటి పక్కన కూర్చున్న నన్ను చూసి మనవరాలు, "ఏడుస్తా ఉండావా అవ్వా?" అంది.

"పొగమ్మా" అన్నాను. ఎండిన కట్టెకు పొగ ఎక్కడిది!