ఆ సిస్టర్‌ని పంపమన్నారు

2023 వేసవి. తిరువూరు బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు మేడ మీద నా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. కింద షేర్ ఆటోలవాళ్ళు "విస్సన్నపేట, విస్సన్నపేట" అని అరుస్తుంటే, పైన మేం ఇడియమ్స్ వల్లెవేసేవాళ్ళం. ఇడియమ్ అంటే మాటకు మాట అర్థం చెబితే నవ్వొచ్చే పలుకుబడి.

ఇంటర్వ్యూలకు వెళ్ళేవాళ్ళకు కష్టపడటం గురించిన ఇడియమ్స్ మీద మహా మోజు. 'గో ది ఎక్స్‌ట్రా మైల్' అంటే అప్పగించిన పనితో ఆగకుండా ఇంకాస్త చేయడం. 'బెండ్ ఓవర్ బ్యాక్‌వర్డ్స్' అంటే ఎదుటివాళ్ళ కోసం నానా తంటాలు పడటం. 'బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్' రాత్రిళ్ళు మేలుకుని చదివేవాళ్ళ గురించి. మావాళ్ళు మూడూ ఒకే వాక్యంలో కుక్కేసేవారు. పప్పు లేకుండా తాలింపు ఒక్కటే వడ్డించినట్టుండేది.

ప్రసన్నది ఎ.కొండూరు. తిరువూరులోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఐసీయూలో పని నేర్చుకోవాలని ఎన్నాళ్ళుగానో ఆశ. అంతకుముందు ఒకచోట నోరు పెగలక అవకాశం పోగొట్టుకుంది. ఇప్పుడు విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రి పిలిచింది. మాక్ ఇంటర్వ్యూ, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టాను.

"నువ్వెప్పుడైనా ఎక్స్‌ట్రా మైల్ వెళ్ళావా? ఒక్క సంగతి చెప్పమ్మా."

"ఏం లేదండి సార్."

గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. పెనుగొలను నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు డాక్టరు ఇన్సులిన్ రాశారు. ఇంటికెళ్ళాక సూది వేయడం వాళ్ళకు చేతకాలేదు. ప్రసన్న తన సెలవు రోజున ఆటో ఎక్కి వెళ్ళి, కోడలికి భయం పోయేదాకా దగ్గరుండి నేర్పి వచ్చింది.

"ఇదే చెప్పు!"

"నేను చేశానని నేనే ఎలా చెప్పుకుంటానండీ? మా అమ్మ అస్సలు ఊరుకోదు సార్. చేసింది చెప్పుకుంటే ఇంక చేసి ఏం లాభం అంటది."

"ఉద్యోగం ఇచ్చేది వాళ్ళా, మీ అమ్మా?" అని కసిరాను. తలూపింది.

ఇంటర్వ్యూ అయిన మర్నాడు వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను సార్. మొత్తం ఇంగ్లిష్‌లోనే చెప్పాను. కాకపోతే, మా దగ్గరో సిస్టర్ ఉంది, ఆవిడ చేసింది అని చెప్పాను."

"వాళ్ళేమన్నారు?"

"షీ వెంట్ ది ఎక్స్‌ట్రా మైల్ అన్నారు. మాకు కావాల్సింది అలాంటి మనిషే, ఆ సిస్టర్‌ని పంపించు అన్నారు."

నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. ఆ ఎక్స్‌ట్రా మైల్ మాట ఇంగ్లిష్‌లోనూ ఎదుటివాళ్ళ నోట వింటేనే నిండుగా ఉంటుంది. వాళ్ళు అన్నారు కూడా. ఆ మెచ్చుకోలు వేరెవరికో వెళ్ళిపోయిందని నాకు నిజంగా బాధేసింది.

"నంబరుంది కదా, ఫోన్ చెయ్యి" అన్నాను. రెండుసార్లు నంబరు నొక్కి చెరిపేసింది. చివరికి చేసింది. నేను నేర్పిన ఇడియమ్ ఒక్కటీ వాడలేదు.

"సర్, దట్ సిస్టర్ ఈజ్ మీ."

అవతల ఎవరో గట్టిగా నవ్వడం నాకూ వినిపించింది. సోమవారం వచ్చి చేరమన్నారు.

ఇప్పుడు ఇడియమ్స్ చివర్లో చెబుతున్నాను. ముందు ఎవరికి ఏం చేశారో తెలుగులోనే చెప్పించుకుంటాను. ఎక్కువమంది "ఏం లేదండి సార్" అంటారు. అప్పుడు నా కుర్చీ కాస్త దగ్గరకు జరుపుకుంటాను.