పావు వంతు శేషాచలం

శేషాచలం దేన్నీ ఒక్కసారిగా మార్చేవాడు కాదు. వారానికి పావు వంతు మార్చేవాడు. దోహాలోని తెలుగువాళ్ళు దాన్ని జబ్బు అనేవారు. ఆయన పద్ధతి అనేవాడు. భార్య అరుంధతి తన కర్మ అనేది.

కాఫీ తగ్గించి టీకి మారమని డాక్టరు చెప్పాడు. మొదటి వారం మూడు పాళ్ళ కాఫీలో ఒక పాలు టీ కలుపుకుని తాగాడు. రెండో వారం సగం సగం. ఆ వారమే పై ఫ్లాటు వేణుగోపాలరావు కబుర్లకొచ్చి, పొరపాటున ఆయన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. తర్వాత ఆర్నెల్లపాటు వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

హాల్లో నాలుగు కర్టెన్లు మార్చడానికి నెల పట్టింది. అవన్నీ ఒక రంగు అయ్యేసరికి మొదట వేసింది వెలిసిపోయింది.

ఇక మీసం. తీసేయాలని బుద్ధి పుట్టింది. ఒక శుక్రవారం కుడి కొస నుంచి పావు వంతు గీసేసి, మిగిలిన ముప్పావు మీసంతో మర్నాడు కంపెనీ మీటింగుకి వెళ్ళాడు. ప్రాజెక్టు మేనేజరు రఫీయుద్దీన్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. చూసి కాసేపు ఊరుకున్నాడు గానీ ఎంతసేపని ఊరుకుంటాడు?

"క్యా హువా శేషాచలం సాబ్, మంగలాయన నడుమల లేచి పారిపోయిండా?"

"లేదండీ. తక్కింది వచ్చే వారం. మొహం తట్టుకోవాలి కదా."

నాలుగు వారాలు ఆ మీటింగుకి ఒక్కరూ సెలవు పెట్టలేదు.

ఈ పావు సంగతంతా అల్ ఘర్రాఫాలో వాళ్ళ హాల్లో ఉన్న గాజు తొట్టిలో పుట్టింది. నూట ఇరవై లీటర్ల తొట్టి, అందులో పదకొండు గోల్డ్‌ఫిష్‌లు. ప్రతి శుక్రవారం పొద్దున ముప్పై లీటర్ల పాత నీళ్ళు తీసి ముప్పై లీటర్ల కొత్త నీళ్ళు పోయడం ఆయన వ్రతం. ఆ వ్రతానికి సహాయకుడు హన్మాండ్లు.

హన్మాండ్లుది జగిత్యాల దగ్గర పల్లె. శేషాచలం ప్లానింగ్ ఇంజనీరుగా ఉన్న కంపెనీలోనే పైపులైను ఫోర్‌మన్. ఒకసారి వాళ్ళ సింకు కింద పైపు కారుతుంటే బాగుచేయడానికి వచ్చాడు. అరుంధతి పెట్టిన పెసరట్టు తిన్నాక శుక్రవారాలు కంపెనీ కార్మికుల క్యాంపులో ఉండబుద్ధి కాలేదు.

మొదటి వారం శేషాచలం అతని చేతికి పారదర్శకమైన రబ్బరు గొట్టం ఇచ్చాడు. దాని ఒక కొసకి, అడుగు కోసేసిన మజ్జిగ సీసా బిగించి ఉంది. ఆ సీసాను తొట్టి అడుగున గులకరాళ్ళలో గుచ్చితే రాళ్ళు సీసాలోనే ఎగిరి పడతాయి, మురికి మాత్రం గొట్టంలోకి పోతుంది. హన్మాండ్లు గొట్టం రెండో కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. నోటినిండా చేపల నీళ్ళు.

"మా ఊళ్ళె డ్రమ్ములకెల్లి కిరసనాయిలు గిట్లనే గుంజుతుంటిమి సారూ," అన్నాడు ఉమ్మేసి వచ్చి.

"రుచిలో ఏది నయం?"

"కిరసనాయిలే నయం."

అప్పుడు శేషాచలం గొట్టాన్ని మొత్తం నీళ్ళలో ముంచి నింపి, బొటనవేలితో కొస మూసి, కిందికి దించి వదిలాడు. నీళ్ళు వాటంతటవే బకెట్లోకి దిగాయి. బకెట్లు రెండు. నీలంది పాత నీళ్ళకి, తెల్లది కొత్త నీళ్ళకి. ఒకటి రెండోదాని పనికి వస్తే ఆ రోజు ఇంట్లో మౌనం. కొత్త నీళ్ళు గురువారం సాయంత్రమే పట్టి, మూత లేకుండా ఏసీ గదిలో ఉంచాలి. క్లోరిన్ పోతుంది, వేడి దిగుతుంది. తెల్లారి అందులో ఒక థర్మామీటరు, తొట్టిలో ఒక థర్మామీటరు. రెండూ ఒకే అంకె చెప్పేదాకా పెసరట్టు లేదు. చెప్పాక సన్న గొట్టానికి ముడి వేసి, ఆ ముడిలోంచి కారినంత ధారగా పోయాలి. గంట పట్టేది.

ఆ అవస్థ చూడలేక వేణుగోపాలరావు, అమెరికా సరుకని, యాభై అడుగుల గొట్టం ఒకటి తెచ్చిచ్చాడు. ఒక కొస వంటింటి కుళాయికి, ఒక కొస తొట్టిలోకి. మీట ఇటు తిప్పితే ఖాళీ, అటు తిప్పితే నిండుతుంది. బకెట్లు లేవు, మోత లేదు.

"పది నిమిషాల్లో అయిపోతుందండీ," అన్నాడు వేణుగోపాలరావు.

"అదే దాంతో వచ్చిన చిక్కు," అన్నాడు శేషాచలం. ఆ గొట్టం బాల్కనీలో ఈ కొస నుంచి ఆ కొసకి కట్టి ఉంది. అరుంధతి దాని మీద బట్టలు ఆరేసేది.

ఆసియా క్రీడలకు ముందు ఏడాది అది. ఊరంతా క్రేన్లు, ఎక్కడ చూసినా తవ్వకాలు, ప్రతి కంపెనీకీ మనుషులు కావాలి. హన్మాండ్లు చెల్లెలు గంగామణి మొగుడు జలంధర్‌కి కూడా అదే కంపెనీలో వీసా వచ్చింది. జూలైలో రావాలి. గంగామణి ఫోన్ చేసింది.

"అన్నా, మా ఆయనను దుబాయ్ తోలుతున్న. నేను ఎట్ల తోలిన్నో నువ్వు మల్ల గట్లనే తోలాలె."

"దుబాయ్ గాదు చెల్లె, కతర్."

"ఏదైతేంది, ఎండ ఎండనే గద."

ఆ ఎండ సంగతి హన్మాండ్లుకి బాగా తెలుసు. కిందటి ఎండాకాలం వాళ్ళ సైటులోనే, ఊరి నుంచి కొత్తగా వచ్చినతను మూడో రోజు మధ్యాహ్నం కూలబడ్డాడు. అతని శవపెట్టెతో విమానాశ్రయం దాకా వెళ్ళింది హన్మాండ్లే. కొత్తవాళ్ళు దిగిన రెండో రోజునే పది గంటల డ్యూటీ. అది కంపెనీ ఆనవాయితీ. ముసురు పట్టిన ఊళ్ళోంచి లేచి వచ్చే జలంధర్‌ని ఆ ఎండలో ఎలా నిలబెట్టాలో అతనికి తెలియలేదు. ఫోర్‌మన్ గంటలు వేయడు, వేసిన గంటలు చేయిస్తాడు.

ఆ దిగులుతో ఉన్న శుక్రవారమే తొట్టి మీద పడ్డాడు. శేషాచలం మదీనత్ అల్ షమాల్ సైటుకి వెళ్ళాడు. గురువారం నీళ్ళు పట్టడం అరుంధతి మరిచిపోయింది. సారింటి పెసరట్లకి బదులుగా తనేదైనా చేయాలని హన్మాండ్లుకి ఎప్పటి నుంచో ఉంది. పావు ఎందుకు, మొత్తం మార్చి తళతళలాడిద్దామనుకున్నాడు. బాల్కనీలో గొట్టం విప్పాడు, చన్నీళ్ళ కుళాయికి బిగించాడు, తిప్పాడు.

జూలైలో ఖతార్‌లో చన్నీళ్ళ కుళాయి అన్నది పేరుకే. నీళ్ళు వచ్చేది మిద్దె మీద ఎండకి కాగే ట్యాంకు నుంచి. చల్లటి నీళ్ళు కావాలంటే గీజరు ఆపేసి, అందులో నిలవుండి చల్లారిన నీళ్ళ కోసం వేన్నీళ్ళ కుళాయి తిప్పుకుంటారు అక్కడ. తొమ్మిదేళ్ళుగా అక్కడ ఉన్న హన్మాండ్లుకి అది తెలుసు. స్నానానికి తెలుసు. చేపలప్పుడు గుర్తురాలేదు.

అరుంధతి ఫోన్ చేస్తే శేషాచలం తిట్టలేదు, అరవలేదు. ఐసు ముక్కలు ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి తొట్టిలో వేలాడదీయమన్నాడు. కాసేపు ఉంచి తీయాలి, మళ్ళీ కాసేపు ఉంచాలి. తొందరపడొద్దని నాలుగుసార్లు చెప్పాడు. ఆయన వచ్చేసరికి తొమ్మిది బతికి ఉన్నాయి. రెండు పోయాయి.

"కొట్టుండ్రి సారూ," అన్నాడు హన్మాండ్లు తల వంచుకుని.

"ఎందుకు కొట్టడం? వేడి చంపలేదయ్యా వాటిని. తొందర చంపింది. ఇదే వేడి నెల రోజుల్లో ఎక్కి ఉంటే హాయిగా ఈదేవి."

హన్మాండ్లు తొట్టికేసి చూశాడు. తర్వాత, చేపల గురించి కాకుండా, "మా చెల్లె మొగడు మల్ల శుక్రారం దిగుతున్నడు సారూ," అన్నాడు.

శేషాచలం జేబులోంచి కాగితం తీశాడు. తొట్టి దగ్గరే కూర్చుని పెన్సిలుతో ఏదో గీసుకుంటున్నాడు.

జలంధర్‌తో కలిపి పన్నెండు మంది దిగారు. మర్నాడు రఫీయుద్దీన్ గదిలో, ఆయన సంతకం కోసం శేషాచలం వేసి తెచ్చిన డ్యూటీ చార్టు. మనుషుల్ని పంచుకోవడానికి హన్మాండ్లుని కూడా పిలిచారు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రఫీయుద్దీన్ చార్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సాబ్ ఇది? కొత్తోళ్ళకు ఫస్ట్ వీక్ రెండున్నర గంటలు. సెకండ్ వీక్ అయిదు. తర్వాత ఏడున్నర. ఫోర్త్ వీక్‌ల గాని ఫుల్ డ్యూటీ లేదా?"

"అవునండి. తక్కిన వేళ స్టోరు నీడలో పని నేర్చుకుంటారు."

"వీళ్ళు మనుషులా, మీ ఇంట్ల చేపలా?"

"చేపలైతే ఇంకా ఎక్కువ వారాలు వేసేవాడిని."

"పని ఎన్కకు పడ్తది. పైనోళ్ళు నా జాన్ తింటరు."

"పడదండి. ఈ ఆలస్యం కూడా కలిపే పని తేదీలు ఇదివరకే రాసేశాను. మీరు కిందటి నెల సంతకం పెట్టారు."

రఫీయుద్దీన్ ఆయన మొహం కేసి చూశాడు. ఏదో అనబోయి నవ్వొచ్చి ఆపుకున్నాడు. కలం మూత తీశాడు.

"మీతోని జగడం పెట్టుకుంటే గది గూడ నాలుగు వారాలు నడుస్తది. నాతోని గాదు సాబ్. మాఫీ." సంతకం పెట్టేశాడు.

క్యాంపులో ఆ పన్నెండు మందికి పావుగాళ్ళని పేరు పడింది. జలంధర్‌కి తల కొట్టేసినట్టయింది.

"బావా, ఈడ పరువు పోతుంది. అందరు బస్సెక్కి పోతుంటె మేము నీడకు వాల్వులు తుడుసుకుంట కూసుంటున్నం. గా సారుకు దిమాగ్ ఖరాబా ఏంది?"

"నోరు మూసుకొని తుడువు," అన్నాడు హన్మాండ్లు.

ఆ శుక్రవారం అరుంధతి పెసరట్టు వేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "సారు నా కోసం ఇంత జేసిండు అమ్మా," అన్నాడు.

"నీ కోసమే అనుకున్నావా?" అంది ఆవిడ అట్టు తిరగేస్తూ. "కిందటేడు ఎండలో ఆ అబ్బాయి పోయాక ఈయన కంపెనీ పైవాళ్ళ దగ్గరకి వెళ్ళి, కొత్తవాళ్ళకి గంటలు తగ్గించండని మామూలుగా అడిగారు. వాళ్ళేమన్నా పంచదార చిలకలా, కరిగిపోవడానికి, అని పంపేశారుట. అప్పటిదాకా ఈ పావు గోలంతా చేపల వరకే ఉండేది. ఆ తర్వాతే కాఫీలోకి వచ్చింది, కర్టెన్లలోకి వచ్చింది. ఆయన ఏం చేసినా నవ్వి వదిలేయడం అందరికీ అలవాటైంది."

"అంటే కావాలని జేసిండా?"

"కొంత కావాలని, కొంత నిజంగా పిచ్చే. ఎంత నిజమని అడిగాను ఒకసారి. పావు అన్నారు. నేను నమ్మను."

హాల్లో శేషాచలం రెండు థర్మామీటర్లనీ పట్టుకుని, "ఇంకో అర డిగ్రీ ఉంది, అట్లు అప్పుడే వేయకు," అని కేకేశాడు.

నాలుగో వారం పన్నెండు మందీ పూర్తి డ్యూటీకి ఎక్కారు. మొదటి రోజు సాయంత్రం జలంధర్ మొహం నిండా దుమ్ముతో బస్సు దిగి, ఎండను తిట్టి, కంపెనీని తిట్టి, మెస్సులో కూర ఉప్పని తిట్టి, మూడు పళ్ళేల అన్నం తిన్నాడు. అన్ని తిట్లు తిట్టే ఓపిక ఉన్నందుకు హన్మాండ్లు గుండె కుదుటపడింది.

రాత్రి గంగామణి ఫోన్.

"అన్నా, మా ఆయన చెప్పిండు. ఆడ మీ పెద్దసారుకు జర పిచ్చి ఉన్నదట గద?"

"ఉన్నది చెల్లె."

"పాపం. మరి మంచి డాక్టరుకు సూపియ్యకపోతిరి?"

"వద్దు వద్దు," అన్నాడు హన్మాండ్లు. "మల్ల నెల ఇంకో ఇరవై మంది వస్తున్నరు. గప్పటిదాంక నయం గావద్దు."