ముందు నడిచే వంతు

ఇతిహాసాలు యుద్ధంతో ముగియవు. గెలిచినవారు సైతం మృతులకు తర్పణాలు విడిచి, రాజ్యం చేతికందినాక దుఃఖించే పర్వాలు ఆ తరువాతే వస్తాయి. రోశయ్య కథ కూడా తుపాకుల మోత ఆగిన తరువాతే మొదలవుతుంది.

గురజాలకూ కారంపూడికీ నడుమ ఉన్న ఊరు వాళ్లది. క్వారీలో సమ్మెట పట్టిన ఇల్లు. రోశయ్య ఇరవై ఏళ్లకే పటాలంలో చేరి, ఎనభై ఏడులో శాంతిసేనతో శ్రీలంక వెళ్లాడు. జాఫ్నా దాపున, తాటితోపుల మధ్య మట్టిబాటలో జవాన్లు వరుసగా నడుస్తుండగా, అతడి ముందున్న కుర్రాడు ఉగ్రవాదులు పాతిపెట్టిన మందుపాతర తొక్కాడు. ముందు నడిచినవాడు పోయాడు. వెనక నడిచిన రోశయ్య ఎడమచెవి వినికిడి పోగొట్టుకొని ప్రాణంతో మిగిలాడు.

పటాలం అతణ్ణి ఇంటికి పంపింది గాని, ఆ బాట అతణ్ణి విడిచిపెట్టలేదు. ఎక్కడికి పోయినా ఒకరి వెనకే నడిచేవాడు. తడిసిన చేలో మనిషి అడుగో ఎద్దు గిట్టో పడితే తప్ప గట్టు దిగేవాడు కాడు. మిరపతోటకు నీళ్లు కట్టాలన్నా తల్లి గంగమ్మే ముందు నడవాలి.

"రేపు పెళ్లయినాక పెళ్లాం ఎనకాల కూడా ఇట్టాగే నడుస్తావంట్రా?" అని ఆమె ఎకసెక్కెమాడేది.

"దాందేముందమ్మా, ఊళ్లో మగాళ్లంతా చేసే పనేగా."

నవ్వేవాడు. అడుగు మాత్రం ముందుకు పడేది కాదు.

మరుసటి ఏడు కార్తిక అమావాస్య వచ్చింది. కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవం. వీరుల పేరిట పూజలందుకునే ఆయుధాన్ని కొణతం అంటారు. అటువంటి కొణతం ఒకటి తరతరాలుగా వాళ్లింట ఉంది. ఏటా దాన్ని కారంపూడికి నడకన మోసుకుపోయి అక్కడి నాగులేట స్నానం చేయించాలి. ఆ ఇంటి కట్టుబాటు ఒక్కటే: కొణతం మోసేవాడికి ముందు మరొకడు నడవరాదు. తండ్రి పెదకోటయ్యకు ఆ ఏడు భుజం పడిపోయింది. వంతు కొడుకు మీదికి వచ్చింది.

చిన్నాన్న కొడుకు త్రికోటేశ్వరరావు వచ్చి కూర్చున్నాడు. "పెదనాన్నా, అన్న వల్ల కాదు, నాకియ్యి. నలుగురి ముందూ మధ్యలో ఆగిపోతే మన పరువేంగాను?"

పెదకోటయ్య కొడుకు వంక చూశాడు. "ఏందిరా, చెప్పు. నువ్వు కాదంటే వాడికిస్తా. ఇచ్చినాక మళ్లీ అడగటం ఉండదు."

పోయేది మోసే హక్కు ఒక్కటే కాదని రోశయ్య ఎరుగును. ఇప్పుడు కాదంటే జన్మంతా మరొకరి వీపు చూస్తూ బతకాలి.

"నేనే మోస్తా నాన్నా."

తండ్రీ, త్రికోటేశ్వరరావూ వెనక నడవగా, తారురోడ్డు ఉన్నంతవరకూ నడక సాఫీగానే సాగింది. రోడ్డు దిగి, బండిజాడలున్న డొంక చివరికి వచ్చేసరికి రోశయ్య నిలిచిపోయాడు. ఏటా నడిచే కాలిబాటను ఎవరో రైతు శనగకని దున్నేశాడు. ఎదుట నల్లరేగడి, ఒక్క అడుగుజాడ లేకుండా. అతడు కొణతాన్ని ఒక భుజం నుంచి మరో భుజానికి మార్చుకున్నాడు.

"అన్నా, బరువైతే చెప్పు," అన్నాడు వెనక నుంచి త్రికోటేశ్వరరావు.

"నోరు మూసుకోరా. బరువేందో వాడికి తెలుసు, నీకు తెలవదు," అంటూ పెదకోటయ్య వచ్చి, కొడుకు కుడిచెవి దగ్గర నిలబడ్డాడు. "నీ ముందు ఎవురూ నడవరు. నేను మాత్రం నీ ఎనకాలే వస్తా. నువ్వేసిన అడుగులోనే నా అడుగు. నీకేదైతే నాకూ అదే. నిదానంగా పో."

ఇన్నాళ్లూ రోశయ్య మందుపాతర తొక్కిన ఆ కుర్రాడి చావునే తలచుకున్నాడు. వెనక మనుషులున్నారని ఎరిగి కూడా వాడు ముందు నడిచాడన్న సంగతి ఈనాడే తట్టింది. ముందు నడవటం ఆపదే. కాని ఎవరో ఒకరు మోయవలసిన ధర్మం కూడా. ఆనాడు వాడు మోశాడు. ఈనాడు వంతు తనది.

కాలు ముందుకు వేశాడు. పాదం రేగడిలో చీలమండ దాకా చల్లగా దిగింది. ఏమీ కాలేదు. రెండో కాలు వేశాడు. ఆ తరువాతి అడుగులు ఎక్కడ పడుతున్నాయో చూసుకోలేదు.

చేను నడుమకు వచ్చేసరికి వెనక తండ్రి రొప్పు వినిపించింది.

"ఒరేయ్, అడుగులు కాస్త దగ్గరగా వెయ్యరా. అంతంత దూరం వేస్తే నా కాళ్లు అందొద్దా?"

రోశయ్య అంగ తగ్గించి, కారంపూడి వైపు నడిచాడు.