నురగ లేని ఫ్లాస్కు

ఉదయం నడక అయ్యాక పార్కు బెంచీ మీద కూర్చుని పొగలు కక్కే కాఫీ తాగాలన్నది 2012 చలికాలంలో నా జీవితాశయం. అందుకోసం చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా స్టీలు సామాన్ల దుకాణాలన్నీ మా ఆవిడతో కలిసి గాలించాను. ప్రతి ఫ్లాస్కునీ మూత వాసన చూసి, అడుగు తట్టి చూసేది. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంత పరీక్షగా చూడలేదు.

చివరికి ఒక దుకాణదారు విసిగిపోయాడు. "పరేషాన్ గాకు అక్కా, తీస్కపో. పొద్దుగాల పోస్తే రాత్రికి కూడ నోరు కాల్తది!"

మర్నాడు పార్కులో మూత తీస్తే అశోక్‌నగర్‌నంతా కమ్మేసేంత ఆవిరి లేచింది. గ్లాసు నోటి దాకా తెచ్చానో లేదో, మా ఆవిడ లాగేసుకుంది.

"నురగ లేకుండా కాఫీ ఏంటండీ, కషాయంలాగా!"

ఆ చలిగాలిలో నిలబడి, రెండు గ్లాసులతో బారెడెత్తు నుంచి తిరగబోసింది. ఆ జలపాతాన్ని చూడడానికి నడిచేవాళ్లంతా ఆగిపోయారు. నురగ గోపురంలా లేచాక ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"చల్లారిపోయిందండీ."

"చల్లార్చింది నువ్వే కదే!"

"వేడిగా ఉంచుతుందనేగా కొన్నాం? ఇది దండగ ఫ్లాస్కు. సాయంత్రం కోఠి వెళ్లి చూద్దాం."